పాత జీపులో కొత్త చప్పుడు



వ్యవసాయ విస్తరణాధికారి మైకు ముందుకు వచ్చినాడంటే ఎరువుల సంగతో, పురుగుల సంగతో చెప్తాడని మీరు అనుకుంటారు. ఈ పూట అవి కావు. మన ఇండ్లలో పది పదిహేనేండ్ల పాత జీపులు ఉన్నవి గదా. ఇంటిల్లిపాదీ ఎక్కి పెండ్లికి పోయే బండి అదే, మర్నాడు యూరియా బస్తాలు తెచ్చేదీ అదే, అర్ధరాత్రి ఎవరికైనా బాగులేకపోతే ఆసుపత్రికి పరుగెత్తేదీ అదే. అట్లాంటి బండి కింది నుంచి ఉన్నట్టుండి ఒక కొత్త చప్పుడు మొదలైతే, అది ఎక్కడి నుంచి వస్తున్నదో ఎట్లా కనిపెట్టాలి అన్నది ఈనాటి ప్రసంగం. జీపు అని నేను అనేది ఏదో ఒక్క కంపెనీ బండిని కాదు. ముందర ఇంజను ఉండి, కింద పొడుగాటి షాఫ్టుతో వెనక చక్రాలను తిప్పే బండి ఏదైనా సరే.

నేను మెకానిక్కును కాను. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. అయితే ఈ విషయంలో డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్పే హక్కు కొంత ఉన్నదనుకుంటాను.

మా ఇంటి బండిని మా నాయన 2009లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. 2022లో, పత్తి తీసే రోజుల్లో, దానిలో చప్పుడు మొదలైంది. ముందుగా విన్నది మా అమ్మ. ఆమె ఎప్పుడూ వెనక సీటులో, సరిగ్గా వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. ఒకనాడు సంత నుంచి వస్తూ, "ఒరేయ్, బండి కింద పిట్ట కూస్తున్నదిరా" అన్నది. ముందు సీటులో ఇంజను హోరు పక్కన కూర్చున్న మా నాయనకు గానీ నాకు గానీ ఏమీ వినపడలేదు. "నీ చెవులకే వినపడతయి పిట్టలు" అని మా నాయన నవ్వేసినాడు. నేనూ నవ్వినాను.

నెల తిరిగేసరికి ఆ కూతకు తోడు ఇంకొకటి వచ్చి చేరింది. క్లచ్చి వదిలి బండి కదిలించగానే కింద ఎక్కడో 'టక్' మని ఒక దెబ్బ. రివర్సు గేరు వేసినప్పుడు ఇంకొంచెం గట్టిగా. అప్పుడు గానీ నాకు భయం పట్టలేదు. బండిని పట్నంలో ఒక షెడ్డుకు తీసుకుపోయినాను. అక్కడి మెకానిక్కు షెడ్డు చుట్టూ ఒక చక్కరు తిప్పి, "డిఫరెన్షియల్ పోయింది సారూ" అన్నాడు. డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుందే, దానిలోని పండ్ల చక్రాల సెట్టు. విప్పించినాను. క్రౌను, పినియను, బేరింగులు, ఆయిలు, కూలి అన్నీ కలిపి 28 వేల రూపాయలు అయినవి. బండి వారం రోజులు షెడ్డులోనే ఉన్నది. తెచ్చుకున్న నాడు ఊరి పొలిమేర దాటకముందే వెనక సీటులోంచి అమ్మ, "మీ పిట్ట మళ్ళా వచ్చింది" అన్నది.

మళ్ళీ షెడ్డుకు పోతే, ఈసారి గేరుబాక్సు దించి చూడాలి అన్నారు.

ఇక్కడ ఒక మాట మీతో ఒప్పుకోవాలి. నా ఉద్యోగమంతా రైతులకు ఒకే సంగతి చెప్పడంతోనే సరిపోతుంది: ఆకు పసుపు పచ్చగా మారగానే దుకాణానికి పోయి మందు తేవద్దు, ముందు చేనులోకి దిగి చూడు అని. పసుపు ముసలి ఆకుతో మొదలైందా, లేత ఆకుతో మొదలైందా? కింది ముసలి ఆకుతో మొదలైతే నత్రజని వైపు అనుమానించాలి. పైన లేత ఆకు వెలవెలబోతే ఇనుము వైపు చూడాలి. రెంటికీ మందు ఒకటి కాదు. ఇంత చెప్పే నేను, నా సొంత బండి విషయం వచ్చేసరికి చేను చూడకుండానే మందు కొట్టించినాను. మెకానిక్కును నిందించి లాభం లేదు. ఆ చప్పుడు ఎప్పుడు వస్తుందో నేను అతనికి చెప్పలేదు. చెప్పడానికి నాకే తెలియదు.

మా ఊరిలో ఒక ముసలి ట్రాక్టరు డ్రైవరు ఉన్నాడు. వరసకు మామ అవుతాడు. గేరుబాక్సు దించే సంగతి విని తానే ఇంటికి వచ్చినాడు. బండి దగ్గరికి పోలేదు. అరుగు మీద కూర్చొని అడిగినాడు:

"అల్లుడా, అది ఎప్పుడు కూస్తది? నిలబడ్డప్పుడా, నడిచేటప్పుడా?"

"నడిచేటప్పుడే మామా."

"నిదానంగా పోతే కూస్తదా, జోరుగా పోతేనా?"

నాకు తెలియదు. లోపలి నుంచి అమ్మ జవాబు చెప్పింది. "నిదానంగా పోతేనే అన్నా. జోరైతే వినపడది."

"ఎన్నిసార్లు కూస్తది?"

ఈ మూడో ప్రశ్నకు మా ఇంట్లో ఎవరికీ జవాబు తెలియలేదు. ఆ ప్రశ్నతోనే మా బండి జబ్బు బయటపడింది. అది మీకు అర్థం కావాలంటే, ఇంజను బలం చక్రాల దాకా ఏ దారిలో పోతుందో ముందు కొంచెం చెప్పాలి.

రోటవేటరు నడిపిన వారికి ఇది కష్టమేమీ కాదు. ట్రాక్టరు వెనక పి.టి.ఓ. నుంచి రోటవేటరుకు ఒక షాఫ్టు పోతుంది. దాని రెండు కొసలా కూడిక గుర్తులాంటి ఇనుప ముక్కలు ఉంటవి. మనం క్రాసు అంటాం. క్రాసుకు నాలుగు కొమ్ములు, ఒక్కొక్క కొమ్ముకు ఒక గిన్నె, గిన్నెలో సన్నని సూదుల్లాంటి బేరింగులు. యంత్రం పైకి లేచినా కిందికి దిగినా షాఫ్టు విరగకుండా తిరుగుతుందంటే ఆ క్రాసుల చలవే. జీపు కింద ఉన్నదీ అదే ఏర్పాటు. ఇంజను, దాని వెనక క్లచ్చి, దాని వెనక గేరుబాక్సు, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు, షాఫ్టు రెండు కొసలా రెండు క్రాసులు, చివరకు డిఫరెన్షియల్, అక్కడి నుంచి కుడి ఎడమ చక్రాలు. పొడుగాటి బండ్లలో షాఫ్టు రెండు ముక్కలుగా ఉండి నడుమ ఒక బేరింగు వేలాడుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే జీపులలో ముందుకు పోయే షాఫ్టు ఇంకొకటి ఉంటుంది. దాని జోలికి ఇప్పుడు పోను.

రోటవేటరును గెట్టు దగ్గర మరీ పైకి ఎత్తినప్పుడు షాఫ్టు కటకటమని కొట్టుకోవడం మీరు విన్నారు గదా. ఎందుకట్లా కొట్టుకుంటుంది? క్రాసు వంకరగా ఉండి తిరిగేటప్పుడు, ఇవతలి షాఫ్టు సమంగా తిరిగినా అవతలిది సమంగా తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. వంకర పెరిగిన కొద్దీ ఈ కుదుపు పెరుగుతుంది. రెండో కొసన ఉన్న క్రాసు ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దుతుంది. అయితే రెండు కొసల వంకరా సమానంగా ఉండాలి, షాఫ్టు రెండు చివరల ఉన్న కవలు, అంటే క్రాసును పట్టుకొనే పంగలు, రెండూ ఒకే వరసలో ఉండాలి. ఈ వరస సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక మామ అడిగిన లెక్క. ఇట్లాంటి బండ్లలో వెనక చక్రం ఒక్కసారి తిరిగేలోగా ప్రొపెల్లర్ షాఫ్టు సుమారు నాలుగుసార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ పండ్ల లెక్కను బట్టి బండి బండికీ కొంచెం అటూ ఇటూ కావచ్చు. కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేలోగా చప్పుడు ఒక్కసారే వస్తే దోషం చక్రం దగ్గర: బ్రేకు డ్రమ్ము గానీ, చక్రపు బేరింగు గానీ, టైరులో దిగిన రాయి గానీ. నాలుగు సార్లో, అంతకు ఎక్కువో వస్తే దోషం షాఫ్టు దగ్గర.

మామ బండిని ఊరి బయట చదునైన బాట మీదికి తీసుకుపొమ్మన్నాడు. వెనక టైరు మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసినాడు. నన్ను మొదటి గేరులో మనిషి నడక వేగంతో నడపమని, తాను చక్రానికి రెండు గజాలు ఎడంగా పక్కనే నడిచినాడు. గీత కిందికి వచ్చినప్పుడల్లా మొదలుపెట్టి లెక్క పెట్టినాడు. కిచ్, కిచ్, కిచ్, కిచ్. ఒక్కొక్క చుట్టుకు నాలుగు. మూడుసార్లు చూసినా అదే లెక్క. "డిఫరెన్షియలూ కాదు, గేరుబాక్సూ కాదు. క్రాసులో గ్రీజు ఎండిపోయి కూస్తున్నది" అన్నాడు. ఒక సుద్దముక్క ఖర్చు.

మీ బండిలో వచ్చేది ఈ కూతే కావాలని లేదు. కాబట్టి తక్కిన చప్పుళ్ళను విడదీసే విధం కూడా చెప్తాను. మొట్టమొదట, బండి నిలబెట్టి, గేరు న్యూట్రలులో ఉంచి, ఇంజను నడవనిచ్చి వినండి. చప్పుడు అప్పుడు కూడా ఉంటే అది షాఫ్టుదీ చక్రాలదీ కాదు. ఇప్పుడు క్లచ్చి పెడలు నొక్కండి. పెడలు నొక్కగానే చప్పుడు పుడితే క్లచ్చి రిలీజు బేరింగు మీద అనుమానం. అట్లా కాక పెడలు నొక్కగానే ఆగిపోయి, వదలగానే మళ్ళీ వస్తే గేరుబాక్సు ముందరి బేరింగు మీద అనుమానం. నా అనుభవంలో ఈ ఒక్క పరీక్ష చేయకుండానే చాలా గేరుబాక్సులు దిగుతున్నవి.

తరవాత రోడ్డు మీద. చప్పుడు ఇంజను వేగంతో మారుతున్నదా, బండి వేగంతో మారుతున్నదా చూడాలి. ఒకే వేగంతో పోతూ గేరు ఒకటి తగ్గించండి. ఇంజను వేగం పెరుగుతుంది, బండి వేగం అదే ఉంటుంది. చప్పుడు కూడా స్థాయి పెంచితే దాని వేరు ఇంజను దగ్గరో గేరుబాక్సు ముందు భాగంలోనో ఉన్నది. చప్పుడు మారకపోతే వెనక ఎక్కడో ఉన్నది. ఎవరూ లేని, చదునైన, తిన్నని రోడ్డు మీద ఒక్క క్షణం క్లచ్చి నొక్కి కూడా దీనిని చూడవచ్చు. అంతేగాని ఇంజను ఆపి చూద్దామని నడిచే బండిలో తాళంచెవి తిప్పవద్దు. స్టీరింగు పట్టేసుకోవచ్చు. బ్రేకుకు ఇంజను ఇచ్చే సాయం కూడా ఆగిపోతుంది.

వెనక నుంచి వచ్చే చప్పుడు 'ఊఁ...' మని రాగం తీసినట్టు ఉంటే, యాక్సిలేటరు మీద చెవి పెట్టండి. తొక్కినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు ఇంకొక రాగం, లేదా ఒకదానిలో ఉండి రెండోదానిలో మాయం కావడం, ఇది డిఫరెన్షియల్ లక్షణం. ఎందుకంటే తొక్కినప్పుడు పండ్లకు ఒక వైపు ఒత్తిడి, వదిలినప్పుడు ఇంకొక వైపు. మా మెకానిక్కు ఈ పరీక్ష చేసి ఉంటే, నేను అడిగి ఉంటే, ఆ 28 వేలు మా ఇంట్లోనే ఉండేవి.

తొక్కినా వదిలినా మారకుండా, మలుపులో మాత్రం మారే హోరు చక్రపు బేరింగుది. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. కాబట్టి ఎడమ మలుపులో హోరు పెరిగితే కుడివైపు బేరింగును, కుడి మలుపులో పెరిగితే ఎడమవైపు దానిని ముందు చూడాలి. పదిహేను కిలోమీటర్లు పోయి, గట్టిగా బ్రేకు వేయకుండా మెల్లగా ఆపి, నాలుగు చక్రాల నడిమి భాగాలకు చేయి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి తక్కిన వాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగు పోవడమో, బ్రేకు పట్టుకొని ఉండడమో జరిగింది. ముందే చేయి ఆనించవద్దు, కాలుతుంది. ఇక తారు రోడ్డు మీద ఒక రకంగా, ఊరిలోని సిమెంటు రోడ్డు మీద ఇంకొక రకంగా వినిపించే హోరు చాలావరకు టైర్లదే. దానికి ఏదీ విప్పనక్కర లేదు.

చప్పుడు కంటె అదురు ఎక్కువగా ఉండి, అరవై డెబ్బై వేగం దగ్గర సీటు కింద జిల్లుమంటే షాఫ్టు తూకం తప్పిందని అనుమానించాలి. షాఫ్టు మీద తూకం కోసం అతికించిన చిన్న రేకు ముక్క ఊడిపోవచ్చు, షాఫ్టుకు రాయి తగిలి సొట్ట పడవచ్చు. అయితే నల్లరేగడి నేలల వారికి ఇంకొక కారణం చెప్పాలి. ఒక రైతు తన బండి ఇంజను కదిలిపోయిందని దిగులుపడుతూ నా దగ్గరికి వచ్చినాడు. ముందురోజు వానలో చేను బాట గుండా వచ్చినాడట. వంగి చూస్తే వెనక చక్రాల లోపలి వైపున, షాఫ్టు మీద రేగడి మన్ను పిడచలు పిడచలుగా ఎండి ఉన్నది. గీకి కడిగినాం. అదురు పోయింది.

సరే, మా బండి దగ్గరికి వద్దాం. చెవితో తెలిసినదాన్ని కంటితో చూడాలి గదా. బండి కిందికి దూరేముందు మామ చేసిన పనులు వరసగా చెప్తాను, దయచేసి శ్రద్ధగా వినండి. చదును నేల చూసినాడు. ఇంజను ఆర్పి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. చక్రాలకు ముందూ వెనకా పెద్ద రాళ్ళు పెట్టించినాడు. ఆ తరవాతనే గేరు న్యూట్రలులో వేసినాడు, ఎందుకంటే గేరులో ఉంటే షాఫ్టు బిగుసుకొని ఆట తెలియదు. చేతి బ్రేకు ఒక్కదాన్ని నమ్మకూడదు. కొన్ని పాత రకం జీపులలో చేతి బ్రేకు చక్రాలను పట్టదు, ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుతుంది. అట్లాంటి బండిలో వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపినా, షాఫ్టు విప్పినా ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. మా బండి ఎత్తుగా ఉన్నది గనుక జాకీ అవసరం రాలేదు. మీకు అవసరమైతే ఇనుప స్టాండ్లు పెట్టకుండా, వట్టి జాకీ మీద, ఇటుకల మీద నిలిపిన బండి కిందికి ప్రాణం పోయినా దూరవద్దు. ప్రాణమే పోతుంది.

నన్నూ కిందికి రమ్మన్నాడు. ముందరి క్రాసు దగ్గర ఒక చేత్తో షాఫ్టును, రెండో చేత్తో అవతలి పంగను పట్టి ఎదురెదురుగా మెలిపెట్టినాడు. కదలలేదు. షాఫ్టు మొత్తం కొద్దిగా అటూ ఇటూ తిరగడం తప్పు కాదట. డిఫరెన్షియల్ పండ్ల నడుమ ఆ మాత్రం సందు ఉండనే ఉంటుంది. క్రాసుకూ పంగకూ నడుమ మాత్రం వెంట్రుకవాసి ఆట కూడా ఉండకూడదు. తరవాత వెనకకు జరిగి డిఫరెన్షియల్ వైపు క్రాసును మెలిపెట్టినాడు. 'టక్'. నేను రెండు నెలలుగా వింటున్న దెబ్బ అదే. టార్చి వేసి చూపినాడు. ఒక గిన్నె చుట్టూ కుంకుమలాంటి ఎర్రటి పొడి చిమ్మి ఉన్నది. గ్రీజు ఎండి, సూది బేరింగులు తుప్పు పట్టి, అరిగి రాలిన పొడి అది. "కూతకు సాక్షి ఇదే" అన్నాడు.

ఆ తరవాత మామ మాట్లాడలేదు. టార్చి ఇంకొంచెం దగ్గరికి పెట్టి చూసినాడు. గిన్నె బయటికి రాకుండా పట్టి ఉంచే ఇనుప లాకు ఆ ఒక్క గిన్నెకు లేదు. ఎప్పుడు ఊడిందో ఏమో. గిన్నె తన గూటిలోంచి బయటికి జరిగి ఉన్నది.

మర్నాడు తెల్లవారి మేము అరవై కిలోమీటర్లు పోవలసి ఉన్నది. అమ్మకు కంటి ఆపరేషను. నా చెల్లెలూ, ఆమె ఇద్దరు పిల్లలూ కూడా వెనక సీటులో.

ఆ గిన్నె దారిలో ఊడి ఉంటే ఏమయ్యేదో మామ అక్కడే పడుకొని చెప్పినాడు. ముందరి క్రాసు విరిగితే షాఫ్టు ముందరి కొస రోడ్డు మీద పడుతుంది. నడిచే బండికి కింద గునపం గుచ్చినట్టు అన్నమాట. వెనక క్రాసు విరిగితే షాఫ్టు వెనక కొస తిరుగుతూ తిరుగుతూ దొరికినదాన్నల్లా కొడుతుంది. దానికి అందుబాటులోనే వెనక బ్రేకు పైపు పోతున్నది. నేను చేయి పెట్టి కొలిచి చూసినాను, మా బండిలో ఆ ఎడం జానెడు కూడా లేదు. నేను బయటికి వచ్చి చాలాసేపు బాట పక్కన కూర్చున్నాను.

ఆసుపత్రికి మర్నాడు కిరాయి బండిలో పోయినాం.

క్రాసు మార్చడం ఆ వారంలోనే అదే షెడ్డులో చేయించినాను. సామానూ కూలీ కలిపి 1,400 రూపాయలు. మామ పక్కనే నిలబడి చేయించినాడు. షాఫ్టు విప్పేముందు దానికీ, అది తగిలే పంగకూ కలిపి ఉలితో ఒక గుర్తు పెట్టించినాడు. విప్పినది విప్పినట్టే మళ్ళీ బిగించాలి. ఇందాక గుర్తుంచుకోమన్న వరస ఇదే. షాఫ్టు నడుమ జారే కూడలి ఉంటుంది, దాన్ని లాగి మళ్ళీ దూర్చేటప్పుడు ఒక్క పన్ను పక్కకు జరిగినా రెండు కొసల పంగలూ వరస తప్పుతవి. అప్పుడు ఒక క్రాసు కుదుపును ఇంకొకటి సరిదిద్దడం పోయి, బండంతా అదురుతుంది. కొత్త క్రాసు పనికిరానిదని దుకాణదారు మీదికి పోయేవారు ఉన్నారు, తప్పు క్రాసుది కాదు. కొన్ని షాఫ్టుల మీద కంపెనీవారే బాణం గుర్తులు కొట్టి ఉంచుతారు. రోటవేటరు షాఫ్టును రెండు ముక్కలుగా లాగి కడిగేవారు కూడా ఇది చూసుకోవాలి. గిన్నెలను సుత్తితో బాది దింపనివ్వవద్దు. లోపలి సూది ఒకటి అడ్డం పడితే ఆ క్రాసు వంద కిలోమీటర్లు కూడా రాదు. బిగించిన తరవాత క్రాసు నాలుగు వైపులా చేత్తో తేలికగా వంగాలి, బిగుతుగా ఉంటే ఒప్పుకోవద్దు. బోల్టులు కొద్దిరోజులు నడిపినాక మళ్ళీ ఒకసారి బిగింపు చూడాలి.

పాత క్రాసు ఎందుకు పోయింది అన్నది నన్ను చాలా రోజులు వేధించింది. కారణాలు రెండు దొరికినవి. ఒకటి గ్రీజు. మా క్రాసుకు గ్రీజు నిపులు ఉన్నది, దాని మీద గట్టిపడిన మన్నూ ఉన్నది. సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా గ్రీజు కొట్టినామని చీటీలో రాసినారు, మన్ను మాత్రం చెక్కుచెదరలేదు. గ్రీజు గన్ను పెట్టేముందు నిపులు గుడ్డతో తుడవాలి, లేకపోతే మన్నునే లోపలికి కొట్టినవారం అవుతాం. నాలుగు గిన్నెల అంచుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాకపోతే ఆ ఒక్కటే రేపు కూస్తుంది. నిపులు లేని మూసిన క్రాసులు కూడా ఉంటవి, వాటికి గ్రీజు పని లేదు, ఆట రాగానే మార్చడమే. బురదలో తిరిగిన బండిని ఒత్తిడి పంపుతో కడిగేవారు నీటి ధారను సూటిగా క్రాసుల మీదికి, చక్రపు సీళ్ళ మీదికి కొట్టవద్దు.

రెండో కారణం మా నాయన. పత్తి బస్తాలు ఎక్కువ పడతవని ఏనాడో వెనక కమాను కట్టలలో అదనంగా ఒక్కొక్క ఆకు వేయించినాడు. దానితో బండి వెనక భాగం లేచింది, షాఫ్టు వంకర పెరిగింది. గెట్టు దగ్గర ఎత్తిన రోటవేటరు లెక్కనే మా బండి ఇన్నేండ్లూ నడిచింది. ఆ ఆకు తీయించుదామని నేనన్నాను. "బస్తాలు నీ నెత్తిన మోస్తవా?" అన్నాడు మా నాయన. ఆకు ఇంకా ఉన్నది. అందుకని నెలకు ఒకసారి ఆదివారం పూట నేనే కిందికి పోయి గ్రీజు కొడుతున్నాను, క్రాసులు మెలిపెట్టి చూస్తున్నాను.

వానకాలంలో వాగులు దాటే బండ్లకు ఇంకొక మాట. దూరం నుంచి వచ్చి వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకొని నీటిని సీళ్ళ సందుల గుండా లోపలికి లాగుతుంది. ఇరుసు మీద గాలి పోవడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది, అది మన్నుతో మూసుకుపోతే ఇది మరీ ఎక్కువ. కాబట్టి వాగు దాటిన వారంలో డిఫరెన్షియల్ ఆయిలు ఒకసారి చూపించండి. పాలు కలిసిన టీ లాగా ఉంటే నీరు చేరినట్టే, మార్చవలసిందే. ఆయిలు దించినప్పుడు కింది బిరడాకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తని పేస్టు కనిపిస్తుంది. అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే ఇనుప పెచ్చులు కనిపిస్తే మాత్రం డిఫరెన్షియల్ విప్పడానికి అది సరైన సాక్ష్యం. ఆయిలు కూడా దుకాణదారు ఇచ్చినది కాక, మీ బండి పుస్తకంలో రాసిన రకమే పోయించండి. గేరుబాక్సుకు పోసేదీ డిఫరెన్షియల్‌కు పోసేదీ అన్ని బండ్లలోనూ ఒకటి కాదు.

షెడ్డుకు పోయేముందు ఒక చీటీ రాసుకొని పోండి. నిలబడి ఉన్నప్పుడు వస్తుందా రాదా, ఏ వేగంలో వస్తుంది, తొక్కితే ఎట్లా, వదిలితే ఎట్లా, ఏ మలుపులో పెరుగుతుంది, చక్రం ఒక చుట్టుకు ఎన్నిసార్లు, ముందు సీటులో ఎక్కువా వెనక సీటులో ఎక్కువా, ఈ మధ్య బండికి ఏమేమి పని చేయించినారు. ఈ చీటీ చూస్తే మంచి మెకానిక్కుకు సంతోషం కలుగుతుంది. చీటీ చదవకుండానే స్పానరు తీసేవాడి దగ్గర బండి వదలకుండా ఉండడం మంచిదని నా అభిప్రాయం. చప్పుడును సెల్ ఫోనులో పట్టుకొని వినిపించడం కూడా ఉపయోగమే, అయితే ఫోనును వెనక సీటు కింద పెట్టి పట్టాలి. నడిపేవాడు చేత్తో పట్టుకొని కాదు.

పి.టి.ఓ. షాఫ్టు ఉన్నవారు ఇంటికి పోగానే దాని క్రాసులు కూడా మెలిపెట్టి చూడండి. ట్రాక్టరు ఇంజను ఆర్పి, తాళంచెవి తీసిన తరవాతనే. నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. కండువా కొస చుట్టుకుంటే అరిచే వ్యవధి కూడా ఉండదు. దాని మీద ఉండవలసిన ప్లాస్టిక్కు తొడుగు చాలామంది పగిలిందని తీసి పారేసినారు, నాకు తెలుసు. కొత్తది వేయించండి.

మా అమ్మ కన్ను బాగైంది. ఇప్పుడు బండి ఊరి పొలిమేర దాటగానే ఇంట్లో అందరం ఒక్క నిమిషం మాటలు ఆపుతాం, ఆమె విని "ఏం లేదు, పోనీ" అంటుంది. అప్పుడు మా నాయన గేరు మారుస్తాడు.

సెలవు తీసుకుంటాను. నమస్కారం.